జూన్‌లో హైదరాబాద్ నుంచి లేహ్‌కి సొంత బండిలో: తిండి చల్లగా ఉంచుకోవడం గురించి

మీరు అడిగింది ఇదీ: జూన్ మొదటి వారంలో హైదరాబాద్‌లో బయల్దేరి, 44వ నంబరు జాతీయ రహదారి మీద నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా దాటి, మనాలి మీదుగా లేహ్. మొత్తం మూడు వారాలు. డీజిల్ ఎస్‌యూవీ, మీ ఇద్దరు, ఆరేళ్ళ పాప. కొన్ని రాత్రులు హోటళ్ళలో, కొన్ని టెంట్‌లో, వంట చాలావరకు మీదే. ఐస్ బాక్స్ కొనాలా, కారు ఫ్రిజ్ కొనాలా, ఫ్రిజ్ కొంటే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుందా అన్నది టెన్షన్. ఇన్సులిన్ తీసుకుంటానని చివర్లో ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. నన్నడిగితే ప్రశ్న అక్కడినుంచే మొదలుపెట్టాల్సింది. దాని సంగతి కింద విడిగా చెప్తాను.

టూకీగా నా సలహా: 35–40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్, దాన్ని రాత్రి నడపడానికి విడిగా 500 వాట్ అవర్ల పవర్ స్టేషన్ (సాకెట్లున్న పెద్ద పవర్ బ్యాంకు లాంటిది). అయితే ఏది కొన్నా, బయల్దేరే ముందు రోజు ఇంట్లో మీరు చేసుకునే ఏర్పాటు మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. అందరూ చల్లదనం ఎక్కడినుంచి తేవాలా అని చూస్తారు. పెట్టెలోకి మనమే ఎంత వేడి మోసుకెళ్ళి పెడుతున్నామో ఎవరూ చూడరు.

చిన్న లెక్క చూడండి. కిలో మంచు పూర్తిగా కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. 35 డిగ్రీల్లో ఉన్న లీటరు నీళ్ళని 4 డిగ్రీలకి దించాలంటే దాదాపు 130 కిలోజౌళ్ళు తీసెయ్యాలి. అంటే దారిలో కొన్న వెచ్చని లీటరు బాటిల్ ఒక్కటి పెట్టెలో పడేస్తే దాదాపు 400 గ్రాముల మంచు దానికే ఖర్చు. ఆరు బాటిళ్ళు పెడితే రెండున్నర కిలోలు హాంఫట్, ఇంకా తిండి జోలికి వెళ్ళకుండానే. ఫ్రిజ్‌కైనా ఇదే లెక్క. ఇంట్లో ఫ్రిజ్‌లా గబగబా చల్లబరిచే యంత్రం అనుకోకండి, చల్లగా పెట్టినదాన్ని చల్లగా నిలబెట్టడం దాని పని. అందుకని బయల్దేరడానికి ముందు రోజు దాన్ని ఇంట్లో కరెంటు మీద నడిపి ఖాళీ పెట్టెని చల్లబరచండి. లోపలికి వెళ్ళే ప్రతి వస్తువూ ఆ రాత్రంతా ఇంటి ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టించదగ్గవి డీప్ ఫ్రీజర్‌లో. పొద్దున్నే సర్ది మూత వేసి బండెక్కించండి.

ఇంకోటి, ఎండలో అద్దాలు మూసి నిలిపిన బండి లోపల 60 డిగ్రీల దాకా ఎక్కుతుంది. ఆదిలాబాద్, నాగపూర్ ఎండల్లో మధ్యాహ్నం భోజనానికి బండి దిగి గంటన్నర కూర్చుంటే, ఆ గంటన్నరలో పెట్టె మీద పడే దెబ్బ రాత్రి పూట అంతే సేపట్లో పడేదానికి దాదాపు రెట్టింపు. నీడ చూసి ఆపండి. పెట్టె మీద ఒక పాత దుప్పటో బొంతో కప్పండి, అయితే ఫ్రిజ్‌కి గాలి పీల్చే జాలీ ఉన్న వైపు మాత్రం కప్పకూడదు, సామాను ఆనించకూడదు. ఫ్రిజ్ సరిగ్గా చల్లబడట్లేదని ఫిర్యాదు చేసే చాలా బళ్ళలో డిక్కీ తెరిచి చూస్తే ఆ జాలీకి అడ్డంగా బెడ్డింగ్ కుక్కి ఉంటుంది.

ఐస్ బాక్స్ పనికిరాదని నేననను. గండికోటకో, సూర్యలంకకో, అరకుకో రెండు రాత్రుల కోసం వెళ్ళేవాళ్ళకి ఫ్రిజ్ దండగ ఖర్చు. మందపాటి గోడల పెట్టె, గట్టిగా కూర్చునే మూత, దాంట్లో సగం మంచు ఉంటే చాలు. కాకినాడ, భీమవరం నుంచి చేపలు, రొయ్యలు ఉత్త థర్మకోల్ పెట్టెల్లో టేపు చుట్టుకుని రాత్రి బస్సుల్లో హైదరాబాద్ వస్తాయి కదా. అక్కడ రహస్యం ఏమీ లేదు. సరుకు ముందే చల్లబడి ఉంటుంది, మధ్యలో ఖాళీ ఉండదు, దిగేదాకా మూత ఎవరూ తెరవరు. మనం మాత్రం పాపకి జ్యూస్ అని ఒకసారి, మజ్జిగ అని ఒకసారి అరగంటకోసారి తెరుస్తాం. తాగేవాటికి విడిగా చిన్న పెట్టె పెట్టుకోండి. దాన్ని ఎన్నిసార్లు తెరిచినా తిండి పెట్టె జోలికి పోరు.

మంచు కూడా చిన్న ముక్కల కంటే పెద్ద గడ్డలుగా ఉంటేనే నిలుస్తుంది. అన్నిటికన్నా మంచిది రెండు లీటర్ల బాటిళ్ళలో తాగే నీళ్ళు పోసి, మెడ దగ్గర నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి గడ్డకట్టించడం. కరిగినా తిండి తడవదు, కరిగిన నీళ్ళు తాగొచ్చు. విడి మంచు వేసుకుంటే, కరిగిన నీళ్ళని తొందరపడి వంపేయకండి. మంచు ఉన్నంతసేపు ఆ నీళ్ళూ సున్నా దగ్గరే ఉంటాయి, వంపేస్తే ఆ ఖాళీలోకి వేడి గాలి వస్తుంది. కొత్త మంచు వేసేటప్పుడు వంపితే చాలు. దారిలో చేపల మార్కెట్ల దగ్గర దొరికే దిమ్మలు తాగేనీళ్ళతో చేసినవని నమ్మకం లేదు, వాటిని తిండికి తగలనివ్వకండి, గ్లాసులో అసలే వెయ్యకండి. ఉప్పు చల్లితే ఇంకా చల్లబడుతుందన్న మాట నిజమే, కానీ మంచు అంతే త్వరగా అయిపోతుంది, పక్కన ఉన్న కూరగాయలు గడ్డకట్టి మెత్తబడతాయి. డ్రై ఐస్ గురించి ఎవరైనా చెప్తే వద్దనండి. మైనస్ 78 డిగ్రీల్లో ఉండే ఆ సరుకు కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారుతూ ఉంటుంది. ఏసీ వేసి అద్దాలు మూసిన బండిలో, పాప నిద్రపోతున్న సీటు వెనక దాన్ని పెట్టే పని లేదు.

మూడు వారాల ప్రయాణానికి మంచు ఎందుకు కుదరదంటే, ఝాన్సీ దాకా హోటల్ వాళ్ళని బతిమాలి బాటిళ్ళు డీప్ ఫ్రీజర్‌లో పెట్టించుకుంటారు, అది ప్రతి ఊళ్ళో సాగదు. రోజూ మంచు వేటలో ఒక గంట పోతుంది.

ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకి "కార్ ఫ్రిజ్" అని కనిపించేవాటి సంగతి. వాటిలో కంప్రెసర్ ఉండదు, పెల్టియర్ అనే చిన్న పలక ఉంటుంది. బయటి వేడి కన్నా ఓ 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించడం దాని శక్తి. బయట 42 ఉంటే లోపల 22 నుంచి 27. కూల్ డ్రింక్‌కి ఓకే, పాలకీ చికెన్‌కీ ఇన్సులిన్‌కీ పనికిరాదు. పైగా ఆగకుండా నాలుగైదు ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది. కంప్రెసర్ ఫ్రిజ్ అలా కాదు, లోపల చల్లబడగానే ఆగిపోతుంది. ధర ఎన్నో రెట్లు ఎక్కువే. ఒక్క ట్రిప్ కోసమైతే అద్దెకి దొరుకుతుందేమో చూడండి, లేదా బండి తిరుగుళ్ళ పిచ్చి ఉన్న స్నేహితుడెవరినైనా అడగండి.

ఇక బ్యాటరీ. ఇక్కడే అందరికీ భయం, ఆ భయంలో కొంత న్యాయం ఉంది.

40 లీటర్ల ఫ్రిజ్ కంప్రెసర్ నడిచేటప్పుడు సుమారు 50 వాట్లు తీసుకుంటుంది, అంటే 12 వోల్టుల మీద నాలుగు ఆంపియర్ల పైచిలుకు. ఎంతసేపు నడుస్తుందనేది బయటి వేడి మీద ఉంటుంది. మైదానాల్లో 35 డిగ్రీల రాత్రి గంటలో అరగంట పైనే నడుస్తుంది అనుకోండి. సగటున 30 వాట్లు, పది గంటలకి 300 వాట్ అవర్లు, అంటే 25 ఆంపియర్ అవర్లు. మీ డీజిల్ బండి బ్యాటరీ 70 ఆంపియర్ అవర్లది అయితే మూడో వంతు పైగా పోయినట్టు. కొత్త బ్యాటరీ అయితే పొద్దున్నే స్టార్ట్ కావచ్చు. కానీ ఆ బ్యాటరీని చేసింది క్షణకాలం గట్టిగా కరెంటు ఇచ్చి వెంటనే మళ్ళీ నిండటానికి. రోజూ ఇలా లోతుగా వాడితే త్వరగా చచ్చిపోతుంది. పైన చలిలో డీజిల్ ఇంజన్ తిరగడానికి ఎక్కువ బలం కావాలి, అదే చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది. మనాలి–లేహ్ దారిలో సర్చు దగ్గర పొద్దున్నే బండి లేవకపోతే పెరుగు చల్లగా ఉండి ఏం లాభం?

కాబట్టి పద్ధతి ఇలా పెట్టుకోండి. బండి నడుస్తున్నంతసేపూ ఫ్రిజ్ బండి సాకెట్ మీద, ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌కి ఆ నాలుగు ఆంపియర్లు లెక్కలోవి కావు. హోటల్ రాత్రుల్లో ఫ్రిజ్‌ని గదిలోకి మోసుకెళ్ళి గోడ ప్లగ్గుకి పెట్టండి, పవర్ స్టేషన్‌ని కూడా పక్కనే ఛార్జింగ్‌కి పెట్టండి. టెంట్ రాత్రి మాత్రం ఫ్రిజ్ పవర్ స్టేషన్ మీద. పైన లెక్క ప్రకారం వేడి రాత్రికి 300 వాట్ అవర్లు, లద్దాఖ్ రాత్రికి అందులో సగం కూడా పట్టదు. మర్నాడు ప్రయాణంలో బండి సాకెట్ నుంచి సుమారు 100 వాట్ల చొప్పున మళ్ళీ నింపుకోవచ్చు. ఫ్రిజ్‌నీ పవర్ స్టేషన్‌నీ ఒకే సాకెట్‌కి స్ప్లిటర్‌తో తగిలించకండి, సాకెట్ ఫ్యూజు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లే, కొన్ని బళ్ళలో ముందూ వెనకా సాకెట్లకి ఒకే ఫ్యూజు ఉంటుంది. మాన్యువల్లో చూసి, ఆ నంబరు స్పేర్ ఫ్యూజులు నాలుగు జేబులో వేసుకోండి.

డిక్కీ సాకెట్‌కి కంపెనీ వేసే వైరు సన్నగా ఉంటుంది. ముందు బ్యాటరీ నుంచి డిక్కీ దాకా నాలుగు మీటర్లనుకుంటే పోనూ రానూ ఎనిమిది. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 5 ఆంపియర్లకి దాదాపు అర వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ బాగానే ఉన్నా ఫ్రిజ్‌కి తక్కువ వోల్టేజీ కనబడి కట్ ఆఫ్ అయిపోతుంది. "ఫ్రిజ్ ఊరికే ఆగిపోతోంది" అంటే తొంభై పాళ్ళు ఇదే. ఫ్రిజ్ సెట్టింగుల్లో బ్యాటరీ రక్షణకి హై, మీడియం, లో అని ఉంటాయి. ఇంజన్ బ్యాటరీ మీద నడిపేటప్పుడు హై పెట్టండి, అన్నిటికన్నా ముందే ఆపేసేది అదే. పవర్ స్టేషన్ మీద లో పెట్టినా పర్లేదు. ఇలాంటి ప్రయాణాలు ముందుముందు కూడా చేస్తామనుకుంటే 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజుతో, మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర విడిగా లాగించండి. ఒక్క ట్రిప్‌కి బండి వైర్లు కోయించకండి, వారంటీ గొడవ. రెండో బ్యాటరీ డిక్కీలో పెట్టించాలనుకునే వాళ్ళకి ఒక మాట: చాలా బీఎస్6 బళ్ళ ఆల్టర్నేటర్ అవసరాన్ని బట్టి వోల్టేజీ తగ్గించేస్తుంది, రెండు బ్యాటరీల్ని ఊరికే కలిపే పాతకాలపు రిలే స్విచ్చు పెడితే రెండో బ్యాటరీ నిండదు. బ్యాటరీకి సరిపడా వోల్టేజీ చేసిచ్చే డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి. 230 వోల్టుల ఇన్వర్టర్ పెట్టి దానిమీద ఫ్రిజ్ నడపడం మాత్రం కరెంటు పారబోసుకోవడమే.

ఒక చిట్కా ఉంది. పగలు బండి నడిచేటప్పుడు కరెంటు ఉచితం కాబట్టి ఫ్రిజ్‌ని 1 డిగ్రీకి పెట్టండి. లోపల గడ్డకట్టిన బాటిల్ ఒకటి, నిండుగా సర్దిన సామాను. రాత్రి ఆపాక 5కి మార్చండి. చాలాసేపు కంప్రెసర్ లేవనే లేవదు.

ఇప్పుడు తిండి. మన వంటల్లో అదృష్టమేమిటంటే, చల్లదనం అక్కర్లేనివే ఎక్కువ. ఆవకాయ, మాగాయ, నూనె తేలే గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, నెయ్యి, ఇంట్లో వేయించి పెట్టుకున్న పులిహోర పులుసు ముద్ద, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు: ఇవన్నీ విడి డబ్బాలో, ఫ్రిజ్ బయట. ఆ రోజు రుబ్బిన రోటి పచ్చడి మాత్రం అలా కాదు, కొబ్బరి పడినదైతే పూటకే పోతుంది. గుడ్లు మన దగ్గర కిరాణా కొట్లో బయటే ఉంటాయి, మీ బండిలో కూడా నీడన ఉంటే చాలు. అయితే ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డు ఫ్రిజ్‌లోనే ఉండాలి, బయటికి తీస్తే పెంకు చెమర్చి తొందరగా పాడవుతుంది. పాలు యూహెచ్‌టీ టెట్రా ప్యాకెట్లు తీసుకోండి, 200 మిల్లీలీటర్లవి. తెరవనంత వరకు చల్లదనం అవసరం లేదు, తెరిచింది ఆ పూటే అయిపోతుంది. లీటరు ప్యాకెట్ కొన్నారంటే మిగతా దానికి ఫ్రిజ్‌లో చోటు వెతుక్కోవాలి.

ఇలా ఏరేస్తే నిజంగా ఫ్రిజ్‌లోకి వెళ్ళాల్సింది పెరుగు, వెన్న, పనీర్, తెరిచిన పాలు, కోసిన కూరగాయలు, మాంసం, దోశ పిండి. అందుకే 40 లీటర్లు సరిపోతాయన్నాను. అరవై, ఎనభై లీటర్లది కొంటే నింపాలనిపిస్తుంది, బరువు, కరెంటు, చోటు అన్నీ పెరుగుతాయి.

దోశ పిండి దగ్గర ఆగాలి. పులిసిన పిండిని డబ్బా నిండా పోసి మూత బిగిస్తే, కుదుపులకీ వాయువుకీ కలిసి నాగపూర్ చేరకముందే ఫ్రిజ్ లోపల దోశ పోసినట్టవుతుంది. సగం డబ్బాకే పోయండి, పులియకముందే చల్లబరచండి, రోజుకోసారి మూత వదులు చేసి మళ్ళీ బిగించండి. రెండు మూడు రోజుల్లో వాడేయండి. ఆ తర్వాత ఉప్మా రవ్వ, అటుకులు ఉన్నాయి.

మాంసం తీసుకెళ్ళాలంటే ఇంట్లోనే ఉప్పు, పసుపు, కారం పట్టించి, పూటకి సరిపడా పొట్లాలుగా గడ్డకట్టించండి. అవే మొదటి రోజు మంచు గడ్డలుగా పనిచేస్తాయి. అడుగున, గట్టి మూత డబ్బాలో ఉండాలి, నీరు కారి పెరుగు మీద పడకూడదు. రెండో రోజుకల్లా వండేయండి. తర్వాత లేహ్ చేరేదాకా గుడ్లూ పప్పూ చాలు. మైదానాల్లో దారి పక్క కొట్లో పచ్చి చికెన్ కొని 42 డిగ్రీల్లో మోసుకెళ్ళాలని నేనైతే ఎవరికీ చెప్పను.

అన్నం గురించి జనం అసలు పట్టించుకోరు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. వండినది రెండు గంటలకి మించి ఆ మధ్యలో ఉండకూడదు, ఇంత ఎండలో అయితే గంట. వండిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి విడిచే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకని పొద్దున వండిన ఉత్తి అన్నాన్ని మధ్యాహ్నం దాకా వెచ్చవెచ్చగా మోయకండి. పులిహోర కలిపేస్తే చింతపండు పులుపు, నూనె కాపాడతాయి. పెరుగన్నం కావాలంటే మన అమ్మలు రైలు ప్రయాణానికి చేసే పద్ధతే: అన్నంలో గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి డబ్బాలో పెడితే, తినే వేళకి దానంతట అదే తోడుకుంటుంది. తోడుకునేటప్పుడు వచ్చే పులుపే దానికి రక్ష. జూన్ ఎండలో నాలుగు గంటలు చాలు, సాయంత్రం దాకా ఆగితే బాగా పులుస్తుంది.

మనాలి దాటాక కథ తిరగబడుతుంది. సర్చు 4,200 మీటర్ల పైన, పాంగ్ 4,600 దరిదాపుల్లో, తంగ్లంగ్ లా 5,300 పైన ఉంటాయి. జూన్‌లో కూడా కొన్ని రాత్రులు సున్నా కిందికి పోతాయి. అక్కడ ఫ్రిజ్ పని చల్లబరచడం కంటే గడ్డకట్టకుండా కాపాడటం. కరెంటు ఆపేసి మూత వేసి ఉంచితే మందపాటి గోడలే ఆ పని చేస్తాయి. టమాటాలు, గుడ్లు, దోసకాయలు రాత్రి దానిలోకి మార్చేయండి. పెరుగు తోడు అక్కడ పడదు, పాల డబ్బాని తువ్వాలులో చుట్టి హాట్ బాక్స్‌లో పెట్టాలి. పవర్ స్టేషన్‌లో ఉండేది లిథియం బ్యాటరీ, సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. రాత్రి టెంట్‌లో మీ పక్కనే పెట్టుకోండి, పొద్దున్నే బండిలో పెట్టినా కాస్త వెచ్చబడ్డాకే ఛార్జింగ్‌కి తగిలించండి.

గాలి ఒత్తిడి మరో వింత. ఆ ఎత్తులో అది సముద్రమట్టంలో ఉండేదాంట్లో సగానికి కాస్త పైన ఉంటుంది అంతే. చిప్స్ ప్యాకెట్లు, పెరుగు కప్పుల రేకులు ఉబ్బిపోతాయి. ఇంట్లో అయితే ఉబ్బిన కప్పు చూస్తే పారేస్తాం, పారేయాలి కూడా. ఇక్కడ కప్పులన్నీ ఒకేలా ఉబ్బితే అది ఎత్తు వల్ల. ఒక్కటే మిగతావాటికన్నా ఎక్కువ ఉబ్బితే, వాసన తేడాగా ఉంటే తినకండి. గాలి చొరబడని డబ్బాల మూతలు పైన ఒకసారి తెరిచి మూస్తే, కిందికి దిగాక ఊడిరావు, చాకు మొనతో అంచు లేపాల్సి వస్తుంది.

ఇన్సులిన్ సంగతి. తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న పెన్ను గది వేడిలో, చాలా రకాలకి 30 డిగ్రీల లోపు, సుమారు నాలుగు వారాలు ఉంటుంది, మీ మందుకి ఎంతో దాని కరపత్రంలో రాసి ఉంటుంది, బయల్దేరే ముందు మీ డాక్టర్‌ని కూడా అడగండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడినా వాడకూడదు. అందుకని ఫ్రిజ్ లోపలి గోడకి, గడ్డకట్టిన బాటిల్‌కి ఆనించకండి. పైన చెప్పిన 1 డిగ్రీ చిట్కాకీ దీనికీ పడదు. ఇన్సులిన్ లోపల ఉన్నన్నాళ్ళు ఫ్రిజ్‌ని 4 కంటే కిందికి దించకండి, మందుని చిన్న గట్టి డబ్బాలో దూది, గుడ్డ చుట్టి పై బుట్టలో పెట్టండి. ఫ్రిజ్ తెర మీద కనిపించే అంకెని ఒక్కదాన్నే నమ్మకండి, అది సెన్సర్ ఉన్న మూల వేడి. కనిష్ఠం, గరిష్ఠం గుర్తుంచుకునే చిన్న డిజిటల్ థర్మామీటర్ కొన్ని వందలకే దొరుకుతుంది, దాన్ని ఇన్సులిన్ డబ్బాలోనే పడేయండి. సర్చు, పాంగ్ రాత్రుల్లో ఇన్సులిన్‌ని బండిలో వదలొద్దు, స్లీపింగ్ బ్యాగ్ పక్కన పెట్టుకోండి. మొత్తం మందు ఒకేచోట ఉంచకుండా రెండు వాటాలు చేసి, రెండోది 30 డిగ్రీలు దాటకుండా చూసుకుంటూ మీ ఆవిడ బ్యాగులో వెయ్యండి. బయట ఎండలో తిరిగేటప్పుడు తడిపి వాడుకునే ఇన్సులిన్ సంచులు లద్దాఖ్ పొడి గాలిలోనూ, ఝాన్సీ వడగాలిలోనూ బాగా పనిచేస్తాయి, వానాకాలపు కోస్తాలో అయితే అంత నమ్మకం పెట్టుకోలేం.

బయల్దేరే ముందు వారం ఫ్రిజ్, పవర్ స్టేషన్, థర్మామీటర్ మూడూ కలిపి బండిలోనే ఒక రాత్రంతా పెట్టి చూడండి, ఇంజన్ ఆపి, మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే. పొద్దున్నే థర్మామీటర్‌లో గరిష్ఠం ఎంతుందో, పవర్ స్టేషన్‌లో ఎంత శాతం మిగిలిందో, మీ బండి మోడల్ ఏదో రాయండి. ఆ మూడూ తెలిస్తే వైరు మార్చాలో, సోలార్ ప్యానెల్ అవసరమో చెప్పగలను.